కూలికి వన్స్ మోర్

హైమవతికి చాన్నాళ్ళకి మళ్ళీ నాటకంలో పని దొరికింది గానీ, అది స్టేజీ కింద కుర్చీలో కూర్చుని చేసే పని. మనుషులకు బదులు వాళ్ళ రూపుతో వెలుగుబొమ్మలు నటించడం మొదలయ్యాక, పద్యం పూర్తవగానే "వన్స్ మోర్" అని అరవడానికి తెనాలి హాలువాళ్ళు కూలికి మనుషుల్ని పెట్టుకుంటున్నారు. కేక వినపడితే బొమ్మ మళ్ళీ పాడుతుంది. అరవడమూ ఒక వేషమేలే అనుకుని ఆమె ఒప్పుకుంది.

ఇవాళ్టి బొమ్మ ఆమెదే. ఏళ్ళ కిందట తన రూపాన్నీ గొంతునీ బొమ్మల కంపెనీకి అమ్మేసింది. కూతురు పూర్ణ చనిపోయిన నెలలోనే రికార్డింగు పెట్టారు. చచ్చిపోయిన కొడుకు మీద పడి తల్లి పాడే పద్యం అది. చివర "నాయనా" అనాల్సిన చోట హైమవతి నోట "పూర్ణా" అని వచ్చేసింది. ఏడుపు బాగా పండిందని కంపెనీవాళ్ళు దాన్ని అలాగే ఉంచేశారు.

బొమ్మ పద్యం పాడి, "పూర్ణా" అంటూ కుప్పకూలింది. హైమవతి "వన్స్ మోర్" అని అరిచింది. బొమ్మ లేచి మళ్ళీ పాడి, అక్కడే, అలాగే కూలింది.

"ఏం నటించిందమ్మా, నిజంగా బిడ్డ పోయినట్టే," అంది పక్క కుర్చీలో ముసలామె, కళ్ళొత్తుకుంటూ.

"అవునండీ," అంది హైమవతి.

మేనేజరు వెనకనించి వచ్చి వంగాడు. "చాల్లే అక్కా, ఒక్కసారికే గదా మనం మాట్లాడుకుంది."

ఇంట్లో ఎంత ప్రయత్నించినా ఆ పేరు ఆమె నోట రావడం లేదు. పూర్ణని పిలిచేవాళ్ళు ఇప్పుడు ఆ బొమ్మ తప్ప ఎవరూ లేరు.

"వన్స్ మోర్," అంది హైమవతి.