ఖాళీ వంతు

పద్మిని భర్త జగదీశ్వరరావు బరంపురం పెళ్లిమేళంలో క్లారినెట్ వాయించేవాడు. ఆయన పోయిన ఎనిమిదో నెలలో జట్టువాళ్లు ఒక జాజ్ పాట రికార్డు చేశారు. డ్రమ్ము మీద కుంచె రాస్తున్నట్టుండే నెమ్మది పాట. దాన్ని ఆమె ఫోన్లో వేస్తూ జట్టులోని శ్రీను చెప్పాడు.

"వదినా, మద్దిన అన్న వంతు వస్తాది. ఏడాది తిరిగేదాకా పోయినోడి వంతు ఎవులూ వాయించకూడదు కదా. ఒట్టిగా ఒగ్గీసినాం."

ఆ రాత్రి వాళ్ల ఊరు రంభలో కరెంటు పోయింది. పద్మిని పాట పెట్టి, అలవాటుగా రెండు టీలు కాచింది. సాధన మధ్యలో టీ తెచ్చి పెడితే ఆయన పాట ఆపకుండానే రెండు చిన్న స్వరాలు ఊది మెచ్చుకునేవాడు.

ఖాళీ వంతు వచ్చింది. ఆమె ఆయన గ్లాసును బల్ల మీద పెట్టింది.

రెండు స్వరాలు పలికాయి.

ఆమె వెంటనే పాట వెనక్కి తిప్పింది. ఆ చోట ఏమీ లేదు. గ్లాసు ఎత్తి మళ్లీ పెట్టింది. పలికాయి.

పద్మినికి నవ్వాగలేదు. "పంచదార ఎయ్యనేదు. సుగరు కదా నీకు. ఏటి, అలిగినావా?"

డ్రమ్ము ఆగింది. క్లారినెట్ ఒక్కటే మూతి ముడుచుకున్నట్టు ఒక స్వరాన్ని సాగదీసింది.

"సరే, ఒక్క సెమ్చాయే," అంటూ ఆమె చీకట్లో పంచదార డబ్బా కోసం తడిమింది. దాని మూత అప్పటికే తీసి ఉంది.