మూడో నీళ్ళు

“కిటికీ మూయకు! ఈ ఆవిరి పీల్చినా విషమే,” అంది ఆయిలి, పుట్టగొడుగులు ఉడికిన నీళ్ళు రెండోసారి పారబోస్తూ.

నాన్న ఆయిలిని రెండో పెళ్ళి చేసుకున్నాక కెర్తు ఈ ఇంటికి రావడం ఇదే మొదలు. సంచి భుజాన్నుంచి దించకుండానే కూర్చుంది, లేచింది, మళ్ళీ కూర్చుంది. మెదడులా ముడతలుపడ్డ ఈ పుట్టగొడుగుల్ని ఫిన్లాండ్‌లో ఎవరైనా రెండుసార్లు ఉడికించాకే వండుకుంటారు.

ఆయిలి మళ్ళీ నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టింది.

“అదేంటండీ, మూడోసారా? మా అమ్మ రెండుసార్లే ఉడికించేది.”

“తెలుసు.”

“ఇంకా ఉడికిస్తే గడ్డి తిన్నట్టుంటుంది.”

“ఉంటే ఉండనీ. మీ అమ్మ వంటని ఎవరూ అనుమానించరు. నా వంట తిన్నాక నీకు కాస్త కడుపునొప్పొస్తే ఊరేమంటుంది? అసలు నువ్వేమనుకుంటావు?”

దారిపొడవునా కెర్తు అనుకుంటూ వచ్చింది అదే.

లేచి పొయ్యి ఆర్పింది. ఇక్కడేమీ ముట్టకూడదని ఇంటి నుంచి తెచ్చుకున్న రొట్టెని సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టింది.

“చాలు పిన్నీ, రుచి ఉండగానే వండు. ఈ రొట్టెలోకి వెన్న ఉందా?”