పేరు పట్టీ

"బావా, జేబు మీద ఈ పట్టీ ఎందుకు కుట్టావు?" కొత్త నల్ల చొక్కా తొడుక్కుంటూ అడిగాడు దర్జీ బావమరిది. అతను పోలీసు.

"పేరుబిళ్ళ పెట్టుకోవడానికిరా. ఇన్నేళ్ళ అలవాటు, చెయ్యి దానంతటదే కుట్టేసింది."

"విప్పెయ్. రైల్వే స్టేషన్లో బాంబు పేలాక మా పేరుబిళ్ళలు తీయించేశారు."

"మరి మీ అక్క నిన్ను ఏమని పిలవాలి? ఒరేయ్ నల్లచొక్కా అనా?"

బావమరిది నవ్వలేదు. దర్జీ అతని గుండెల మీదికి వంగి, కత్తెర కొనతో కుట్లు తెంపసాగాడు.

"ఎదురింటి మాస్టారిని మొన్న ముసుగులేసుకున్న పోలీసులెవరో తీసుకెళ్ళారు కదా. వాళ్ళావిడ పోలీస్ స్టేషన్ చుట్టూ తిరుగుతోంది. తీసుకెళ్ళినవాళ్ళ పేరు చెప్పు, అప్పుడు చూస్తాం అంటున్నారట. నువ్వు కాస్త కనుక్కోరా."

"వదిలెయ్ బావా."

"వదిలెయ్ ఏమిట్రా? నీకు లెక్కలు నేర్పింది ఆయనే!"

బావమరిది మెడ దగ్గరున్న నల్ల ముసుగును కళ్ళ దాకా లాక్కుని అద్దం వైపు తల తిప్పాడు.

"అందుకే వాళ్ళింట్లో నేను నోరు విప్పలేదు. గొంతు గుర్తుపడతారని."

కత్తెర ఆగిపోయింది. పట్టీ ఒక కొసన వేలాడుతోంది.

బయట మెట్ల దగ్గర అడుగుల చప్పుడు, వెంటనే ఎదురింటి ఆవిడ గొంతు వినిపించాయి.

"అన్నయ్యగారూ, మీ బావమరిది వచ్చాడా? ఒక్క మాట అడగాలి."

అద్దంలోంచి రెండు కళ్ళు దర్జీనే చూస్తున్నాయి. చిన్నప్పటినుంచీ ఎరిగిన కళ్ళే. వాటిలో ఏముందో మాత్రం అతనికి అంతుపట్టలేదు.

"ఇంకా రాలేదమ్మా," అన్నాడు దర్జీ.

తర్వాత మిగిలిన కుట్టు కూడా తెంపేశాడు.