పర్వాలేదన్నా!

నీళ్లు అడిగి పది నిమిషాలైంది. గ్లాసుల జాడ లేదు.

"మీకు కోపం జర ఎక్కువంట గద?" అంది స్నేహలత, టేబుల్ మీద పడి ఉన్న సోంపు గింజను వేలితో దొర్లిస్తూ.

"ఎవడన్నడు?" అని గయ్యిమనబోయి, సర్దుకుని నవ్వేశాడు శ్రీశైలం. "నాకా? కోపమా? మా ఆఫీసుల ఎవర్నన్న అడుగుండ్రి."

ఆఫీసులో మాత్రం ఎవరినీ అడక్కూడదు. జూనియర్ అసిస్టెంటుగా చేరిన ఏడాదికే మనవాడు స్టేప్లర్ విసిరాడు. సూపరింటెండెంటు కళ్లజోడు పగిలింది. ఆ వార్త చుట్టాల చెవిన పడి అప్పుడే రెండు సంబంధాలు తప్పిపోయాయి. ఇది మూడోది. పెద్దవాళ్లు ఒప్పుకున్నారు గానీ అమ్మాయి ఓసారి విడిగా మాట్లాడాకే చెప్తానంది. అందుకే ఈ సాయంత్రం ఈ చిక్కడపల్లి హోటల్. రాత్రికల్లా వాళ్ల నాన్నకు ఆమె అవుననో కాదనో చెప్పేస్తుంది. శ్రీశైలానికి ఆమె ఎంత నచ్చిందంటే, నాలుగు రోజులుగా అన్నం సరిగ్గా తినడం లేదు.

అలాంటివాడు ఊరికే వస్తాడా? నిన్ననే వచ్చి సర్వర్ ఎంకయ్య చేతిలో ఇరవై రూపాయలు పెట్టాడు.

"రేపు ఒకామెతోని వస్త. నీళ్లు లేటుగ తేవాలె. దోశ చెప్తే ఇడ్లీ తేవాలె. గీ రెండే. నేనేమనను. నేను ఏమనకుండ ఉండుడు ఆమె చూడాలె."

ఎంకయ్య నోటును తిప్పి తిప్పి చూశాడు. ఇరవై ఏళ్లుగా ఒళ్లు వంచి వడ్డిస్తే పావలా, అర్ధా విదిల్చినవాళ్లే గానీ, పాడుగా వడ్డించమని ముందే ఇచ్చినవాణ్ని ఇదే చూడటం.

"మీ ఇష్టం సార్" అన్నాడు.

అదీ సంగతి. అనుకున్నది అనుకున్నట్టే నడుస్తోంది. ఒక్కటే తేడా, అయిదింటికి రమ్మంటే, శ్రీశైలం వచ్చేసరికే స్నేహలత వచ్చి కూర్చుని ఉంది.

ఎట్టకేలకు నీళ్లొచ్చాయి. రెండు గ్లాసుల్లోనూ ఎంకయ్య వేళ్లు మునిగి ఉన్నాయి. ఇది చెప్పలేదే అనుకున్నాడు శ్రీశైలం. అయినా మంచిదే.

"పర్వాలేదన్నా!" అన్నాడు హాయిగా.

మసాలా దోశ చెప్తే ఇడ్లీ వచ్చింది.

"పర్వాలేదన్నా! ఇడ్లీ గూడ మంచిదే. ఒంటికి సలువ."

స్నేహలత వింతగా చూసింది. ఆ చూపు శ్రీశైలానికి భలే నచ్చింది. ఇంక గెలిచినట్టే అనుకుని కాలు మీద కాలేసుకున్నాడు.

ఎంకయ్య సాంబారు బకెట్ పట్టుకొచ్చాడు. స్నేహలత చున్నీ సర్దుకుంటూ కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుంది. గరిటెడు సాంబారు గిన్నెలో పడాల్సింది పోయి శ్రీశైలం అంగీ మీద పడింది. తెల్లంగీ! ఈరోజు కోసమే నారాయణగూడ టైలర్ వెంటపడి కుట్టించుకున్న తెల్లంగీ! జేబులోంచి మునక్కాయ ముక్క బయటికి తొంగి చూస్తోంది.

శ్రీశైలం చెవులు ఎర్రబడ్డాయి. ఇది నాటకం కాదు, ఒళ్లు నిజంగానే మండిపోయింది. చెయ్యి దానంతటదే స్టీలు గ్లాసు మీదికి పోయింది. "ఏయ్..." నాలుక చివరిదాకా వచ్చింది. ఎదురుగా స్నేహలత కళ్లార్పకుండా చూస్తోంది. గ్లాసెత్తి గటగటా నీళ్లు తాగేశాడు, ఎంకయ్య వేళ్లు ముంచిన నీళ్లే.

"పర్వాలే... దన్నా" అన్నాడు. గొంతు కీచుమంది.

బిల్లు వచ్చింది. పైకం కట్టి, సోంపు ప్లేటులో పది రూపాయల నోటు పెట్టాడు. పెట్టాలని లేదు. పెట్టాడు.

"ఏంది, గింత అధ్వాన్నంగ పెడితే టిప్పా? అది గూడ పది రూపాయలా?" స్నేహలత కళ్లు పెద్దవి చేసింది.

"పాపం, ఇంట్ల ఏం పరేషాన్ల ఉన్నడో ఏమో. మనిషన్నంక ఒకనాడు చెయ్యి జారుతది." ఈ ముక్కను అశోక్‌నగర్ గదిలో అద్దం ముందు పదిసార్లు చెప్పుకున్నాడు. ఇప్పుడు పళ్ల మధ్యనుంచి వచ్చింది.

స్నేహలత తల వంచుకుని నవ్వింది.

"స్టేప్లర్ ముచ్చట విని నేను భయపడ్డ. ఎవరో గిట్టనోళ్లు చెప్పిన్రు కావచ్చు. ముహూర్తం చూడమని మా నాయనకు రాత్రికే చెప్త" అని లేచింది.

శ్రీశైలానికి గాల్లో తేలినట్టయింది. పోతూ పోతూ ఆమె ఎంకయ్య దగ్గర ఓ క్షణం ఆగింది. తన అంగీ గురించి చీవాట్లు పెడుతోంది కాబోలు! అప్పుడే ఎంత ప్రేమ అని మురిసిపోయాడు. ఆమె ఎక్కిన ఆటో విద్యానగర్ వైపు తిరిగేదాకా చెయ్యి ఊపి, చేతులు కడిగే పంపు దగ్గరున్న ఎంకయ్య మీదికి పరుగెత్తాడు. దాచుకున్న కోపమంతా అక్కడ బయటపడింది.

"ఏందయ్యా ఇది? నేనేం చెప్పిన, నువ్వేం చేసినవ్? అంగీ మీద సాంబారు పొయ్యమన్ననా?"

ఎంకయ్య తొణకలేదు. తడిబట్ట చేతికిచ్చాడు.

"గరం కాకుండ్రి సార్. నీళ్లు లేటు, దోశకు ఇడ్లీ, రెండూ మీరు చెప్పినయే. గ్లాసుల ఏళ్లు పెట్టుడు నా అలవాటు. సాంబారు మాత్రం మేడం చెప్పింది."