బొంబాయి ట్రంక్‌కాల్

పాండిచ్చేరి బజారులో మా కొట్టుకి బొంబాయి నుంచి బావగారి ట్రంక్‌కాల్ వచ్చింది. పిల్లల్లేని ఆయన మా చిన్నపాపను పెంపకానికి అడుగుతున్నారని ఫోన్ పట్టుకునే మా ఆయన చెప్పాడు.

"ఇయ్యనని చెప్పయ్యా!" అని ఏడుస్తూ తల అడ్డంగా ఊపాను.

"అన్న తెలుగు మర్చిపోయినాడే," అంటూ మా ఆయన నాకు రాని ఇంగ్లీషులో మాట్లాడాడు, మెత్తగా, నవ్వుతూ. అన్నగారిని నొప్పించకుండా కాదంటున్నాడనుకున్నాను. ఆ సాయంత్రం మురిసిపోయి చిక్కటి కాఫీ కలిపిచ్చాను.

ఆదివారం బావగారు మద్రాసు బస్సు దిగి వచ్చారు. చేతిలో పాపకి కొత్త గౌను.

"ఫోన్లో నీ ఏడుపు యినపడిందమ్మా. ఏందిరా అంటే, సంతోషంతో ఏడస్తా ఉందన్నాడు. నిజమేనా?"

ఆయన అడిగింది మా ఇంటి తెలుగులోనే. నేను నోరు తెరిచేలోగా మా ఆయన నవ్వుతూ ఇంగ్లీషు అందుకున్నాడు.