మేడమ్ గారి పరుగు

పరుగెత్తనివాళ్ళకు ఆ ఎడారి నగరంలో వైద్యం చెయ్యరు. అందుకని ఎండ ముదరకముందే పనిమనుషులంతా యజమానుల పేరు మీదున్న, పరుగూ గుండె చప్పుడూ లెక్కగట్టి ఆసుపత్రికి పంపే పట్టీలు మణికట్టుకు తగిలించుకుని, ఇసుక మధ్య వేసిన నల్లటి బాటమీద పరుగు మొదలుపెడతారు. మనుషులకూ సైకిళ్ళకూ అంబులెన్సులకూ అదొక్కటే బాట. అంట్లు తోమడంలాగే ఈ పరుగూ ఒక పని. రాయచోటి నుంచి వచ్చిన ఓబుళమ్మ ఏళ్ళ తరబడి వైదేహి మేడమ్ పట్టీ కట్టుకుని పరుగెత్తుతోంది. తనకంటూ పట్టీ లేదు.

ఆ పొద్దు పక్కనే పరుగెత్తుతున్న నాగూర్‌బీ ఆమె ముఖం చూసి చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఏమక్కా, అట్ల చెమటలు పోస్తాండాయి?"

"గుండె మీద బండ పెట్టినట్టుండాది మే. ఎడమచెయ్యి లాగుతాంది."

"కూచో అక్కా, కూచో."

ఓబుళమ్మ కూర్చోబోతుంటే మేడమ్ నుంచి ఫోను వచ్చింది.

"ఓబుళమ్మా, నాకు గుండెపోటట! ఇంటికి అంబులెన్సు పంపించారు. పట్టీ నా చేతికి లేదని తెలిస్తే వైద్యం జాబితాలోంచి నా పేరు కొట్టేస్తారు. వాళ్ళకంటే ముందే వచ్చెయ్!"

"వస్తాండా మేడమ్," అంది ఓబుళమ్మ. పొయ్యిమీది పాలు దించమన్నా ఆ గొంతుతోనే అనేది.

నాగూర్‌బీ చెయ్యి విడిపించుకుని ఇంటివైపు పరుగెత్తింది. కాసేపటికి వెనక సైరన్ వినిపించింది. అలవాటుగా పక్కకు తప్పుకుని దారిచ్చింది. అంబులెన్సు ఆమెను దాటుకుని వెళ్ళిపోయింది.

ఓబుళమ్మ మళ్ళీ పరుగందుకుంది. మణికట్టు మీద పట్టీ మెత్తగా చెబుతూనే ఉంది: "కదలకండి మేడమ్. వచ్చేస్తున్నాం."