ఆటోలో పెట్టె

"సారు, ముందుగాల దీన్ని బయటికి పంపు. తర్వాతనే నా కొడుకు రోగం సంగతి చెప్పు" అంది నర్సింహమ్మ, కోడలి భుజం పట్టుకుని తలుపు వైపు నెడుతూ.

దయావతి కదల్లేదు. కుర్చీలో కూర్చున్న మొగుడు సత్తయ్య చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది. సంగారెడ్డిలో డాక్టర్ సూర్యారావు క్లినిక్ అది. బయట ఆటో ఆగి ఉంది. అందులో దయావతి బట్టల పెట్టె తాడుతో కట్టి ఉంది. డాక్టరు నోటితో నిజం కక్కించి, కోడలిని అట్నుంచి అటే కిష్టారెడ్డిపేటలో తల్లిగారింటి ముందు దించేసి రావాలని భానూర్‌లో బయల్దేరేటప్పుడే నర్సింహమ్మ తేల్చేసుకుంది. పెద్దమనిషిగా ఉంటాడని తమ్ముడు మొగులయ్యను కూడా వెంటేసుకొచ్చింది.

"మందు పెట్టింది సారు" అన్నాడు మొగులయ్య. "మా అల్లుడు దీని మాట జవదాటొద్దని కూట్ల ఏదో కలిపి తినిపిచ్చింది. గందుకే ఈ ఫిట్స్. మొన్న కంపెనీల మిషన్ కాడనే పడ్డడు. జెరుంటే చెయ్యి పోతుండె."

"నేనేం పెట్టలే" అంది దయావతి.

"నోరు ముయ్" అంది నర్సింహమ్మ. "ప్రేమ పెండ్లని ఇంట్ల జొరబడ్డప్పుడే అనుకున్న."

"అమ్మా, ఊకో" అన్నాడు సత్తయ్య నీరసంగా.

"సూడు సారు, ఎట్ల మాట్లాడుతున్నడో. మందు గాకపోతే ఇంకేంది?"

డాక్టరుకు విసుగొచ్చింది. "ముందు కూర్చోండమ్మా."

"నాకు కుర్చీ అక్కర్లే. నిలబడే ఇంట."

హైదరాబాద్ దాకా వెళ్లి తీయించుకొచ్చిన స్కాన్ ఫిల్మును డాక్టరు లైటు ముందు పెట్టాడు. మెదడు బొమ్మలో తెల్లటి చుక్కలు కనిపించాయి. "ఇవి పురుగు గుడ్ల నుంచి వచ్చిన బుడిపెలు. వీటివల్లే ఫిట్స్. పదేళ్ల కిందటైతే ఇంత తేలిగ్గా తెలిసేది కాదు. ఇప్పుడు మాత్రలతో తగ్గుతుంది. ఆపరేషన్ అక్కర్లేదు. మళ్లీ డ్యూటీకి వెళ్తాడు."

సత్తయ్య తలవంచుకుని కళ్లు తుడుచుకున్నాడు. దయావతి ఏడ్చేసింది. తల్లికి మాత్రం ఆ సంతోషం తర్వాత పడొచ్చనిపించింది.

"గుడ్లు లోపలికెట్ల పోయినయ్ సారు?"

"ఎక్కువగా తిండితోనే."

"ఇన్నవా తమ్మీ" అంది నర్సింహమ్మ. "నేను మొదటి నుంచి చెప్తలేనా, కూట్లనే ఉన్నదని."

"ఇంట్లో వంట ఎవరు చేస్తారు?" అడిగాడు డాక్టరు.

"నేనే. దీన్ని పొయ్యి కాడికి రానియ్య. నా కొడుకుకు ఇప్పటికీ నా చేతితోనే కలిపి ముద్దలు పెడ్త. నేను భజనకు పోయిన పూట సందు సూసుకొని పెట్టుంటది, పాడు ముఖంది."

డాక్టరు ఒక్క క్షణం ఆమె చేతుల వైపు చూశాడు. "ఈ పురుగు పంది మాంసం నుంచి వస్తుంది. సరిగా ఉడకనిది తిన్నవాళ్ల పేగుల్లో పెరుగుతుంది. దాని గుడ్లు దొడ్డికి వెళ్లినప్పుడు బయట పడతాయి. ఆ మనిషి చేతులు సబ్బుతో కడుక్కోకుండా వడ్డిస్తే, తిన్నవాళ్ల ఒంట్లోకి వెళ్లి మెదడు దాకా పోతాయి."

పంది అన్న మాట వినగానే నర్సింహమ్మ ముఖం వెలిగిపోయింది. మెడలో తులసి మాల పైకి తీసి అందరికీ చూపించింది. "పండరి మాల ఏసుకున్న మనిషిని నేను. మా ఇంట్ల ముక్క ఉడకదు. నా కొడుకు గుడ్డు గూడ ముట్టడు. ఇగ దీని తల్లిగారింట్లనో? అడుగు సారు, అడుగు."

"క్రిస్మస్‌కు వండుతరు" అంది దయావతి. "నేను గూడ తింట. దాచుడెందుకు?"

"ఒప్పుకున్నది" అన్నాడు మొగులయ్య. "ఆటో ఎక్కు."

"ఆగండి" అన్నాడు డాక్టరు. "అందుకే మొన్న మీ ఇంట్లో అందరి దొడ్డి పరీక్షా చేయించమన్నాను. ఒకరి కడుపులో పురుగు ఉంది. ఎవరిదో వాళ్లకే విడిగా చెప్తాను. మిగతావాళ్లు బయట కూర్చోండి."

"విడిగ ఎందుకు?" నర్సింహమ్మ బల్ల మీద చేత్తో కొట్టింది. "ఇజ్జత్ తీస్తే అందరి ముందటనే తియ్యాలె. ఎవరి కడుపుల పురుగున్నదో వాళ్లే ఆ ఆటో ఎక్కాలె. మళ్ల మా గడప తొక్కొద్దు. తమ్మీ, నువ్వే సాక్ష్యం."

"అత్తా, తొందరపడకు" అంది దయావతి.

"భయమైతున్నదా?"

"అమ్మా, చెప్పమంటారా?" డాక్టరు అడిగాడు.

"చెప్పు సారు. పండరి విఠలుని మీద ఒట్టు, అందరి ముందటనే చెప్పు."

"దయావతికి ఏమీ లేదు. సత్తయ్యకూ లేదు. పురుగు ఉన్నది మీ కడుపులోనమ్మా."

సత్తయ్య తల్లి ముఖంలోకి, ఆమె చేతుల్లోకి చూశాడు.

"అబద్ధం" అంది నర్సింహమ్మ. "దీనిది నాదని రాసిన్రు. ముక్క ముట్టని మనిషికి పంది పురుగు ఏడికెల్లి వస్తది? తమ్మీ, నువ్వన్న చెప్పు ఈ సారుకు."

మొగులయ్య తుండుగుడ్డతో ముఖం తుడుచుకుని, ఎవరి వైపూ చూడకుండా మెల్లగా అన్నాడు.

"మొలలు తగ్గుతయని మా పెరట్ల దొంగతనంగ తింటివి గదక్కా, గా పంది కూర... జెర ఉడకనియ్యమంటే ఇనకపోతివి."